చర్చ: పిల్లాడికి "ముందే తెలుస్తుంది" అంటే అది శక్తా, గాయమా?

వయొలిన్ మాస్టారు, చిక్కడపల్లి:
నా దగ్గర పద్నాలుగేళ్ల అబ్బాయి నేర్చుకుంటున్నాడు. చెవి అద్భుతం, శ్రుతి వెంట్రుకవాసి దిగినా పట్టేస్తాడు. ఎవరైనా రాబోతుంటే ముందే తెలుస్తుందనీ, రాగాలు ఎవరో చెవిలో చెబుతారనీ అంటాడు. ఇంట్లోవాళ్లు ఇప్పుడు చుట్టాల్ని పిలిచి వాడిచేత జోస్యం చెప్పిస్తున్నారు. నాకు భయంగా ఉంది, షూమన్ గుర్తొస్తున్నాడు.

1810లో పుట్టిన ఆ జర్మన్ స్వరకర్తకు పదహారేళ్లకే తండ్రి పోయాడు. అక్క ఆత్మహత్య చేసుకుంది. 1853లో బల్ల చుట్టూ కూర్చుని ఆత్మల్ని పిలిచే వ్యామోహంలో పడ్డాడు. 1854 ఫిబ్రవరిలో ఒక రాత్రి లేచి, దేవదూతలు వినిపించారంటూ ఒక బాణీ రాసుకున్నాడు. ఆ దేవదూతలే తర్వాత దయ్యాలయ్యారు. పది రోజులకు రైన్ నదిలో దూకాడు. బయటికి తీశారు గానీ మిగిలిన రెండేళ్లూ మానసిక చికిత్సాలయంలోనే గడిచి 1856లో పోయాడు.

మీరేమంటారు?

రసికుడు, సికింద్రాబాద్:
త్యాగయ్యకు నారదుడు స్వరార్ణవం అనే సంగీత గ్రంథం ఇచ్చాడని మనమే చెప్పుకుంటాం. అక్కడ భక్తి, ఇక్కడ జబ్బా? లండన్‌లో రోజ్‌మేరీ బ్రౌన్ అనే ఆవిడ ఉండేది. ఏడేళ్లప్పుడే, ఎప్పుడో చనిపోయిన స్వరకర్త లిస్ట్ ఆత్మ కనిపించిందని చెప్పింది. 1964 నుంచి లిస్ట్, షోపాన్ లాంటి పాత స్వరకర్తలు చెబుతున్నారంటూ వందల రచనలు రాసింది, 1970లో రికార్డు కూడా వచ్చింది. ఆవిడ ఏ నదిలోనూ దూకలేదు, 2001 దాకా బతికింది. అందరికీ మందుబిళ్లలేనా?

మాస్టారు:
రోజ్‌మేరీ మాట ఒప్పుకుంటాను. నమ్మినంత మాత్రాన జబ్బు అనను. త్యాగయ్య కథ వింటూ పెరిగినవాణ్నే నేనూ. కానీ షూమన్‌కు దేవదూతలు ఇచ్చిన బాణీ, కొద్ది నెలల ముందు ఆయనే రాసిన వయొలిన్ కన్చర్టోలో (వాద్యబృందంతో కలిసి వాయించే రచన) నెమ్మదిగా సాగే భాగానికి చాలా దగ్గర. రెండూ పక్కపక్కన వాయించి చూశాను, ఒళ్లు జలదరించింది. తన స్వరాన్ని తనే గుర్తుపట్టలేకపోయాడు. అలాంటి మనిషిని పట్టుకుని ఇంకా ఏం వినిపిస్తోందని అడుగుతూ కూర్చోవడం పాపం కాదా?

పాత సభ్యురాలు, మలక్‌పేట:
మా నాన్న తాగొచ్చేవాడు. స్కూటర్ స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో నాకు తెలిసిపోయేది. ఒక్కసారికే పడితే ఫరవాలేదు. రెండు మూడుసార్లు జారి నేలకు గీసుకుంటే తమ్ముణ్ని లేపి వంటింట్లోకి తీసుకెళ్లేదాన్ని. "దీనికి అన్నీ ముందే తెలుస్తాయి" అనేది అమ్మ. చాలా ఏళ్లు నేనూ అదే నమ్మాను. అందుకే అడుగుతున్నా మాస్టారూ, ఆ అబ్బాయి ఎవరి అడుగుల కోసం వింటున్నాడు?

మాస్టారు:
అమ్మా, పాఠం మధ్యలో మెట్లమీద చెప్పుల చప్పుడైతే వాడి కమాను ఆగిపోతుంది. ధ్యాస లేదని కసిరాను కూడా. తప్పు చేశాను.

రేపు వాళ్లమ్మతో మాట్లాడి ముందు ఆ జోస్యాలు ఆపమంటాను. ఎర్రగడ్డ పేరెత్తితే బెదిరిపోతారు. అందుకే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కి నేనే ఫోన్ చేసి, మాట ఎలా మొదలుపెట్టాలో కనుక్కుంటాను.

రసికుడు:
చెయ్యండి, నాకు అభ్యంతరం లేదు. కానీ వాడికి వినిపించేది అబద్ధమని మాత్రం అనకండి. ఆ వయసులో ఆ మాట తట్టుకోలేడు.

మాస్టారు:
అననండీ. ఏం వినిపించిందో వాయించి చూపించమంటాను.