కృప చాలు అంటారు, నాకేమో ప్రార్థనలో మాటే రావడం లేదు

పాకాల నుంచి ఒక సహోదరి అడుగుతున్నారు:

అందరికీ వందనాలు. మాది పాకాల దగ్గర పల్లె. మా ఆయనకి రెండు కిడ్నీలూ పాడై ఏడాదిన్నర అయింది. వారానికి మూడుసార్లు తిరుపతికి తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నాను. తెల్లారకముందే బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది, ఇంక ఆ రోజంతా ఆయన మంచం దిగలేరు. రోజుకి ఇన్ని నీళ్లే తాగాలని డాక్టర్ చెప్పినంత కొలిచి సీసాలో పోసి పెడతాను. ఈ ఎండలకి సాయంత్రం నాలుగుకే అది ఖాళీ అయిపోతుంది. ఆయన ఆ సీసా వైపు చూస్తారే కానీ నన్ను అడగరు. నాకు దాహమైతే పెరట్లోకి వెళ్లి తాగి వస్తాను.

పోయిన నెల మా ఊళ్లో స్వస్థత కూటాలు పెట్టారు. బయట ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడొకరు ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, నువ్వు బాగుపడ్డావు, ఇంక డయాలసిస్ మిషన్ దగ్గరికి పోతే నీకు విశ్వాసం లేనట్టే అన్నారు. ఆ మాట పట్టుకుని మా మామగారు ఈ గురువారం పోవద్దంటున్నారు. మా ఆయన కూడా ఊగిసలాడుతున్నారు. ఏడాదిన్నరగా చేతికి సూదులు గుచ్చించుకుని అలిసిపోయిన మనిషికి ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో నాకు తెలుసు.

నాకు ఇంకో బాధ ఉంది, ఎవరికీ చెప్పలేదు. మోకరిస్తే నోట మాట రావడం లేదు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మాకొచ్చిన వాగ్దాన కార్డు 'నా కృప నీకు చాలును'. దాన్ని గోడకి అంటించాను. ఇప్పుడు అది చూస్తే కోపం వస్తోంది. నా అవిశ్వాసం వల్లే ఆయన బాగుపడలేదా? కృపను నమ్ముకోవడం అంటే అసలు ఏం చేసేది?

తిరుపతి నుంచి, రిటైర్డ్ స్టాఫ్ నర్సు:

అమ్మా, ముందు గురువారం సంగతి. దయచేసి మానొద్దు. డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు పేరుకుని ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, అది ముందుగా చెప్పి రాదు. కొబ్బరినీళ్లు, అరటిపండు వద్దని మీకు చెప్పి ఉంటారే, ఈ పొటాషియం కోసమే. రెండు రోజులు చూద్దాం అనుకుని చివరి నిమిషంలో పరుగెత్తుకొచ్చిన వాళ్లని నా సర్వీసులో చూశాను, అందరూ దక్కలేదు.

మీ మామగారికి మత్తయి 8వ అధ్యాయం చదివి వినిపించండి. ప్రభువు కుష్ఠురోగిని బాగుచేసిన తర్వాత, నువ్వు వెళ్లి యాజకునికి కనబరచుకో అన్నాడు. ఆ రోజుల్లో బాగయ్యిందీ లేనిదీ చూసి చెప్పాల్సింది యాజకుడే. దేవుడు మీ ఆయన్ని బాగుచేసి ఉంటే పరీక్షలు చూసి డాక్టరే ఆపేస్తారు, మీ అంతట మీరు ఆపే పని లేదు. ఇంకోటి, ఆయన చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉంటే రోజూ పొద్దున్నే దాని మీద వేళ్లు పెట్టి చూడండి. లోపల సన్నగా గిర్రుమని అదురుతూ ఉండాలి. అది ఆగిపోతే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి.

మదనపల్లె నుంచి ఒక బ్రదర్:

వైద్యం మానమని నేనూ అనను. కానీ 'నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను' అని ప్రభువే అన్నాడు కదా. విశ్వాసానికి పనే లేదన్నట్టు మాట్లాడితే ఎట్లా?

చిత్తూరు నుంచి, సంఘ పెద్ద:

బ్రదర్, ఆ మాట నిజమే. అయితే ప్రభువు ఆ మాట అన్నది పన్నెండేళ్లు జబ్బుతో నలిగి, ఉన్నదంతా వైద్యులకి పెట్టి, భయపడుతూ వచ్చిన ఒక స్త్రీని ఓదార్చడానికి. బాగుపడని వాళ్ల మీద విసరడానికి కాదు. మార్కు 2లో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించారు, ప్రభువు 'వారి విశ్వాసం' చూశాడని ఉంది. ఆ మంచం మీదున్నవాడు ప్రార్థన చేశాడని ఎక్కడా లేదు. చెల్లెమ్మా, మాట రాని రోజు నువ్వు ఆ మంచం మీద ఉన్నావనుకో, మోసే పని మాది.

నీ వాగ్దాన కార్డు గురించి ఒక మాట. ప్రభువు అది ఎవరితో అన్నాడో 2 కొరింథీ 12 తీసి చూడు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు. పోనందుకు వచ్చిన జవాబే 'నా కృప నీకు చాలును'. బాగుపడిన వాళ్ల వాక్యం కాదమ్మా అది, అచ్చంగా మీ ఇంటి వాక్యం. ఎందరినో బాగుచేసిన ఆ పౌలే, రోగంతో ఉన్న త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు, నీకు విశ్వాసం తక్కువ అని త్రోఫిమును తిట్టలేదు. కోపం వస్తోందన్నావు, ఆ కోపాన్నే దేవునికి చెప్పు. 88వ కీర్తన మొదలు నుంచి చివరిదాకా చీకటే, ఒక్క ఊరట మాట కూడా లేకుండా ముగుస్తుంది, అయినా అది పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది.

మన చుట్టుపక్కలే చూడండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి క్రైస్తవ మిషనరీ సంస్థలు కలిసి పెట్టిందే. వేలూరులో మిషనరీ డాక్టరు ఐడా స్కడరమ్మ 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. వాళ్లకంటే మనకి విశ్వాసం ఎక్కువా? మా తాత ఆరోగ్యవరంలో నెలల తరబడి ఉన్నాడు, అక్కడ పొద్దున ప్రార్థనా అయ్యేది, మందూ ఇచ్చేవాళ్లు.

బంగారుపాళెం నుంచి ఒక రైతు:

పెద్దాయన చెప్పినంత వాక్యం నాకు తెలియదు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్‌లో మూడు రాత్రులు పడుకున్నాను, వెనక కాయలు మగ్గి రసం కారి టైర్ల మీద ఈగలు. దేవుడా అని కూడా అనబుద్ధి కాలేదు. రెండో రాత్రి మా సంఘంలో ఒకామె కొడుకు బండి మీద సంగటి, పప్పు తెచ్చిచ్చి, అన్నా మీరు ఇంటికెళ్లి పడుకోండి, నేనుంటాను అన్నాడు. నేను పోలేదు, ఇద్దరం ఉన్నాం. అప్పు ఇంకా ఉంది. కానీ కృప అంటే నాకు ఆ పిల్లోడి మొహమే గుర్తొస్తుంది.

అక్కా, వారానికి మూడు రోజులూ నువ్వొక్కదానివే ఎందుకు పోతున్నావు? మీ పాస్టరమ్మకి చెప్పు, ఒక రోజు ఎవరినైనా తోడు పంపమను. అడగడానికి మొహమాటపడొద్దు.

పాకాల సహోదరి మళ్లీ:

అందరికీ వందనాలు. రాత్రి ఇవన్నీ మా ఆయనకి చదివి వినిపించాను, మామగారు వసారాలో కూర్చుని విన్నారు. కుష్ఠురోగి సంగతి దగ్గర మళ్లీ చదవమన్నారు. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత గురువారం నేనూ వస్తానన్నారు. పాస్టరమ్మకి ఇంకా ఫోన్ చేయలేదు, ఈరోజు చేస్తాను.

పొద్దున ఆయన చేతి మీద వేళ్లు పెట్టాను. అదురుతోంది. అట్లాగే చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. ప్రార్థన మాటలు ఇవాళ కూడా రాలేదు, కార్డు మాత్రం గోడ మీద నుంచి తీయలేదు.

నర్సమ్మా, గురువారం పొద్దున బయలుదేరే ముందు ఆయనకి సంగటి పెట్టొచ్చా, ఇడ్లీనే మేలా?