అప్‌డేట్: నాన్నగారి డయాఫ్రమ్ హెర్నియా ఆపరేషన్ అయింది

ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర (డయాఫ్రమ్) లోంచి జీర్ణాశయం కొంత ఛాతీలోకి జారిందన్నారు, కీహోల్ ఆపరేషన్ చేయించవచ్చా అని అడిగాను కదా. అమలాపురం నుంచి కాకినాడ తీసుకెళ్లి చేయించాం. నాన్నగారు బాగున్నారు.

చిన్న రంధ్రాలే కదా, భయమేంటి అన్నవాళ్లే ఎక్కువ. కానీ సర్జన్ గారు ముందే విడమర్చి చెప్పారు: రక్తస్రావం కావచ్చు, అన్నవాహికకో ప్లీహానికో (స్ప్లీన్) గాయం కావచ్చు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు, మధ్యలో కడుపు కోయాల్సి రావచ్చు, కొన్నాళ్లకు హెర్నియా తిరగబెట్టనూ వచ్చు. ఇవన్నీ అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.

తర్వాత భుజం నొప్పంటే అమ్మ గుండెపోటేమోనని హడలిపోయింది. ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ వాయువు వల్లట, తగ్గిపోయింది. ఆయాసం, ఛాతీనొప్పి, జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు జావ, మెత్తటి పెరుగన్నం కొద్దికొద్దిగా తింటున్నారు. కొబ్బరి దింపుకి వెళ్తానంటున్నారు గానీ, డాక్టర్ సరేననే దాకా బరువులు ఎత్తనివ్వం.