పర్లాకిమిడి పాత హాస్టల్: బాగుచేసి 1930ల నాటి కాలేజీ జీవితం చూపించాలా, పిల్లలకి ఇచ్చెయ్యాలా?

లాంతరు వెలుగు:
ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం రాస్తున్నా. మా ఊళ్లో కాలేజీ కుర్రాళ్లు ఉండే పాత హాస్టల్ ఒకటుంది. ముందు పెంకుల వసారా, మధ్యలో నుయ్యి, చుట్టూ మిద్దె గదులు, వెనక రెండు వంటశాలలు. చాలా ఏళ్లుగా ఖాళీ. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను వసారా పెంకులు సగం ఎగరగొట్టింది. ఇప్పుడు పాత విద్యార్థులం కొందరం చందాలు వేసుకుని నిలబెడదామనుకుంటున్నాం.

నా ఉద్దేశం ఒట్టి రిపేరు కాదు. 1936లో ఒడిశాలో కలవకముందు, మన ఊరు ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్ని మళ్లీ చూపించాలి. గదికో నులక మంచం, ట్రంకుపెట్టె, కిరసనాయిలు లాంతరు, తాటాకు విసనకర్ర. వారానికి రెండు పూటలు అడ్డాకు విస్తట్లో నాటి మెస్ భోజనం. నౌపడా నుంచి మనకి చిన్నరైలు 1900లో వచ్చింది కదా, ఆ బండి దిగి ట్రంకు మోసుకొచ్చే కుర్రాడిలా చూడ్డానికొచ్చినవాళ్లు లోపల అడుగుపెట్టాలి. మా తాతగారు అక్కడుండే చదివారు, ఆయన కబుర్లన్నీ నోట్‌బుక్‌లో రాసిపెట్టాను. ఏమంటారు?

బరంపురం మాస్టారు:
ఆలోచన ముచ్చటగా ఉంది బాబూ. ఒక్క సందేహం. వంటశాలలు రెండెందుకున్నాయో మీ తాతగారి నోట్‌బుక్‌లో ఉందా?

లాంతరు వెలుగు:
ఉంది మాస్టారూ. బ్రాహ్మల పిల్లలకి ఒకటి, తక్కినవాళ్లకి ఒకటి. అప్పట్లో అన్నిచోట్లా అంతేగా. అందుకే మధ్య గోడ తీసేసి ఒకే హాలు చేద్దామనుకున్నాం. అందరూ కలిసి కూచుని తింటారు, గొడవే ఉండదు.

బరంపురం మాస్టారు:
అన్నిచోట్లా అంతే, నిజమే. కానీ అన్నిచోట్లా ఊరుకోలేదు. చేరన్మహాదేవి గురుకులంలో పిల్లల్ని విడివిడిగా కూచోబెట్టి వడ్డిస్తున్నారని 1920ల్లో తమిళదేశంలో పెద్ద రభసే అయింది. అంటే ఆ కాలంవాళ్లకే అది తప్పని తోచింది. మీరేమో 1930లు చూపిస్తానంటూనే 1930ల్లో లేని పంక్తి వేస్తానంటున్నారు. అది ఆ కాలమూ కాదు, ఈ కాలమూ కాదు. పెళ్లిభోజనం అవుతుంది.

నౌపడా బండి:
మాస్టారు ఎప్పుడూ ఇంతే, ఎవరైనా ఏదైనా మొదలెడితే పుల్ల విరుస్తారు. కులం గొడవ లేని పాత కట్టడం ఈ దేశంలో ఒక్కటి చూపించండి. అన్నీ కూల్చేద్దామా?

నా బాధ వేరు. ఊరు ఒడిశాలో కలిసినప్పుడు గిడుగు రామమూర్తి పంతులుగారంతటివారే ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అనుకుంటూ నెట్టుకొస్తున్నాం. మా మనవలకి తెలుగు అక్షరాలు రావు. ఈ హాస్టల్ గోడల మీద పాత కుర్రాళ్లు బొగ్గుతో గీసిన పద్యపాదాలు ఇంకా ఉన్నాయి. కాలేజీ పిల్లలకిస్తే నెల తిరక్కుండా వాటి మీద మేకు కొట్టి చొక్కా తగిలిస్తారు. మ్యూజియమే చెయ్యండి.

సెరంగో అమ్మాయి:
నమస్తే అండి. నేను కొండమీది సవర తెగ అమ్మాయిని. తెలుగు సంతలోనూ స్నేహితుల దగ్గరా నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పంతులుగారి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆయన ఈ ఊళ్లో పాఠాలు చెబుతూనే మా భాష నేర్చుకున్నారు, మావాళ్ల కోసం బడులు పెట్టారు, 1931లో మా భాషకి వ్యాకరణం అచ్చయింది. మా ఇళ్లలో ఆయన పేరు చెబితే ఇప్పటికీ దండం పెడతారు. కానీ ఆ రోజుల్లో ఆ హాస్టల్లో మా కొండ మీంచి వచ్చిన కుర్రాడు ఒక్కడు ఉన్నాడని మా పెద్దవాళ్లెవరూ చెప్పగా వినలేదు. ఇంక అమ్మాయిల సంగతి సరే సరి.

లాంతరు అన్నయ్యా, గోడ తీసేస్తే, చూసేవాళ్లు ‘అబ్బ, అప్పట్లో ఎంత కలిసి తినేవారో’ అనుకుని వెళ్లిపోతారు. దయచేసి గోడ ఉంచండి.

ఇంకోటి. డిగ్రీ మొదటి ఏడు నాకు హాస్టల్లో సీటు రాలేదు. ఒకరింట్లో వంటగది పక్కన చాప వేసుకుని చదివాను. మీరు ఖాళీ మంచం మీద ఖాళీ ట్రంకు పెడతామంటుంటే నాకు ఆ చాపే గుర్తొస్తోంది.

నౌపడా బండి:
అమ్మా, నీ మాట కాదనను. కానీ సీట్లు చాలకపోతే కొత్త హాస్టల్ కట్టాలి. పాతది మళ్లీ కట్టలేం.

దూరపు మనిషి:
నేను గుణుపురం వాణ్ణి, ఇప్పుడు వర్జీనియాలో ఉంటున్నా. ఇక్కడి యూనివర్సిటీలో మీరు కొట్టుకుంటున్న రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1826లో ఇక్కడ చదివాడు. ఆయనదని చెప్పే పదమూడో నంబరు గదిని ఆనాటి సామాన్లతో సర్ది అద్దం తలుపు బిగించారు. అందరూ ముక్కు అద్దానికి ఆనించి చూస్తారు, ఫోటో తీసుకుంటారు, పోతారు. రెండు నిమిషాలు.

అక్కడే అమెరికా మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ కట్టించిన లాన్ అనే ఆవరణ ఉంది. దాని పొడుగునా ఉన్న 54 గదుల్లో ఇప్పటికీ విద్యార్థులు ఉంటున్నారు. చివరి ఏడాదివాళ్లు దరఖాస్తు పెట్టుకుని మరీ చేరతారు. గదిలో నిప్పుగూడు ఉంటుంది గానీ బాత్‌రూమ్ ఉండదు! మంచు కురుస్తున్నా తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడవాల్సిందే. ఇదంతా 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. పిల్లలుంటే పాడవుతుందనేవాళ్లు అది చూడాలి.

ఆ భవనాలు కట్టిందీ, ఆ రోజుల్లో విద్యార్థుల గదులు ఊడ్చి నీళ్లు మోసిందీ బానిసలు. వాళ్ల కోసం స్మారకం కట్టడానికి 2020 దాకా పట్టింది. సెరంగో అమ్మాయి చెప్పేది నాకు అందుకే బాగా అర్థమైంది.

లాంతరు వెలుగు:
అద్దం తలుపు సంగతి విన్నాక కొంచెం తగ్గాను, ఒప్పుకుంటున్నా. బొగ్గు పద్యాలున్న గది ఒక్కటి అలాగే ఉంచి, మిగతావి పిల్లలకిస్తే? కానీ లాంతర్లు, విస్తరి భోజనం మాత్రం వదల్లేను. ఏడాదికోసారి, పాత విద్యార్థులు కలిసినప్పుడైనా.

బరంపురం మాస్టారు:
తినండి, నన్నూ పిలవండి. గోడకి ఏ వైపు కూచుంటారో ముందే చెప్పండి.

గార పని:
మా నాన్న మేస్త్రి, నేనూ అదే పని. మీ చర్చ చదివి నిన్న వెళ్లి చూసొచ్చాను. ఎవరూ అడగని సంగతులు కొన్ని చెబుతాను.

గదుల మీద మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద వాసాలు, వాటి మీద ఇటుకలు అంచున నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, పైన సున్నం కాంక్రీటు. నిలబడే సరుకే. చెడింది గోడలు. మధ్యలో ఎవరో మహానుభావుడు లోపలి గోడలకి సిమెంటు పూత పూశాడు. సున్నం గోడ ఊపిరి పీల్చుకుంటుంది, సిమెంటు పీల్చుకోనివ్వదు. తేమ లోపలే ఉండిపోయి ఇటుక పిండిలా రాలుతోంది. అదంతా చెక్కి తీసి, గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసి మళ్లీ పూయాలి. ఆరడానికి టైము పడుతుంది, తొందరపెట్టకండి. వాసాలకి చెదలు ఉంది. అక్కడ కిరసనాయిలు లాంతర్లు వెలిగిస్తానంటే నేను పనికి రాను.

బొగ్గు రాతలు ఉన్న గదికి మాత్రం సిమెంటు తగల్లేదు. అదృష్టం.

ఇంక వంటశాల గోడ. మిద్దె పెద్దదూలం ఆ గోడ మీదే కూచుంది. తీస్తే కప్పు మీ విస్తట్లోకి వస్తుంది.

లాంతరు వెలుగు:
అయితే గోడ ఉంటుంది. దాని మీద ఏం రాయాలో చెల్లెమ్మా, నువ్వు రాసి పంపు. తెలుగు, ఒడియా, సవర మూడింట్లోనూ పెడదాం.

సెరంగో అమ్మాయి:
సవర నేను రాస్తాను. తెలుగు మాస్టారు దిద్దాలి.

గార పని:
రాతలు తర్వాత. వానలు పడేలోపు వసారా మీద పెంకులు వెయ్యాలి, లేకపోతే బొగ్గు పద్యాలూ ఉండవు. ఆదివారం పొద్దున ఏడింటికి వస్తాను. పొడుగు నిచ్చెన ఎవరి దగ్గరైనా ఉంటే తెండి, నాది విరిగింది.