అడుగు తెలీని నాయన్ని అలిపిరి మెట్లెక్కనీయొచ్చా?

మామిడితోట_చిత్తూరు:
నాయనకు 68. షుగరొచ్చి పదిహేనేండ్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లకూ పసుపు కుంకుమ పెడతానని మొక్కుకోనుండాడు. నేను వద్దంటాండా. నడిచేటప్పుడు కాలి చెప్పు జారిపోయినా ఆయనకు తెలీదు, నాలుగడుగులు అట్లనే పోతాడు. దూది మీద నడిచినట్టుందంటాడు. మొన్న మొహానికి సబ్బు పూసుకోని కండ్లు మూసుకున్నాడో లేదో, బాత్రూములో కూలబడినాడు. మీరైతే పంపిస్తారా?

మెట్లదారి:
అరికాళ్ళు మంట పుడతాయా? సూది గుచ్చితే తెలుస్తుందా?

మామిడితోట_చిత్తూరు:
బాగా తెలుస్తుంది. రాత్రిళ్ళు మంటలకు నిద్రే పోడు.

మెట్లదారి:
మరింకేంది? మంట తెలిసే మనిషికి నరాలు చచ్చినాయంటే నేనొప్పుకోను.

ఫిజియో_తిరుపతి:
అన్నా, మంట తెలియడం వేరు, కాలు ఎక్కడుందో తెలియడం వేరు. రెండూ వెన్నుపాములోనే పోతాయి, దారులే వేరు. నొప్పి, వేడి తెచ్చే నరం వెన్నుపాములోకి రాగానే కబురు ఇంకో నరానికి అప్పజెబుతుంది. అది దాదాపు అక్కడికక్కడే అవతలి పక్కకు దాటి పైకి పోతుంది. సన్నని స్పర్శ, అదురు, కీలు ఎంత వంగిందన్న కబురు మోసే నరం అట్లా దాటదు. వెన్నుపాము వెనక భాగంలో, వచ్చిన పక్కనే నిలువుగా ఎక్కి మెడ పైనున్న మజ్జాముఖం దాకా పోతుంది. బొటనవేలి నుంచి అక్కడిదాకా ఒకే కణం, నడుమ అతుకు లేదు! పక్క మారేది అక్కడ. ఆపైన మెదడు నడుమనుండే థాలమస్, తర్వాత మెదడు పైపొర. రేణిగుంటలోనే లైను మారే బండి ఒకటి, గూడూరు దాకా పోయి మారే బండి ఇంకొకటి అనుకోండి. ఒక లైను చెడినా రెండోది నడుస్తుంది.

రైలు_రమణ:
గూడూరు బండి కూడా రేణిగుంట మీదుగానే శ్రీకాళహస్తి, వెంకటగిరి దాటి పోవాల. రేణిగుంట దాకా రెండూ ఒకే లైను కదా?

ఫిజియో_తిరుపతి:
అవును. కాలిలోనూ అంతే, వెన్నుపాము దాకా ఒకే నరాల కట్టలో కలిసొస్తాయి.

మెట్లదారి:
రాయి తగిలితే దెబ్బా నొప్పీ ఒక్కసారే తెలుస్తాయి. రెండు దార్లంటే ఎట్ల?

ఫిజియో_తిరుపతి:
ఒక్కసారి కాదు. గడపకు వేలు కొట్టుకున్నప్పుడు గమనించండి. తగిలిందని ముందు తెలుస్తుంది, మంట వెనకొస్తుంది. స్పర్శ నరాల వేగం సెకనుకు 35 నుంచి 75 మీటర్లు. ఆ మంట మోసే సన్న నరాలది 2 మీటర్లు దాటదు.

కాణిపాకం_అక్క:
నాది దీనికి తిరగబడింది. మే నెలలో గుడి ప్రాకారంలో బండల మీద నడిచొచ్చి ఇంట్లో చూసుకుంటే రెండు పాదాలూ బొబ్బలు. కాలింది తెలీనే లేదు. అయినా చీకట్లో కూడా తడబడకుండా నడుస్తా. షుగరోళ్ళు చెప్పుల్లేకుండా అడుగు పెట్టకూడదు, అంతే.

మెట్లదారి:
సామి మెట్లు చెప్పులేసుకోని ఎక్కమంటారా?

కాణిపాకం_అక్క:
పుండుపడి వేలు తీసేస్తే ఆ రోజు నువ్వొస్తావా నాయనా?

గోవిందనామం:
మోకాళ్ళ పర్వతం దగ్గర మాకే కాళ్ళు వణుకుతాయి.

ఫిజియో_తిరుపతి:
అక్క సమస్య ఒకటి, ఈయన సమస్య ఇంకొకటి. పాదం ఇద్దరూ కాపాడుకోవాల. ఈయనకు దాంతోపాటు వెలుతురూ, పట్టుకోడానికి కమ్మీ కావాల. కాలి నుంచి అందని కబురును ఇన్నాళ్ళూ కళ్ళతో పూడ్చుకుంటున్నారు. అందుకే కళ్ళు మూయగానే పడినారు. పాదాలు దగ్గర పెట్టి నిలబెట్టి కళ్ళు మూయించి ఊగుతారేమో చూసే పరీక్ష ఉంది, 19వ శతాబ్దంలో బెర్లిన్ డాక్టరు రోంబర్గ్ రాసిపెట్టింది. ఒంటరిగా మాత్రం చేయించొద్దు. ఒంటి తూకం చూసే లోపలి చెవిలో తేడా ఉన్నా ఊగుతారు కాబట్టి డాక్టరే తేల్చాల. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ళుగా వాడుతున్నారు? ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గొచ్చు. బి12 తగ్గితే వెన్నుపాములో ముందు దెబ్బతినేవాటిలో ఆ వెనక దారి ఒకటి. తొందరగా పట్టుకుంటే సూదులతో చాలామంది తేరుకుంటారు.

మామిడితోట_చిత్తూరు:
పన్నెండేండ్లుగా అదే మాత్ర. నెలనెలా చూపిస్తాండాం, బి12 మాట ఒక్కరూ ఎత్తలేదు. రేపే రక్తం ఇప్పిస్తా. కొండకు మాత్రం పంపను.

మెట్లదారి:
ఆయన్ని అడిగినావా?

మామిడితోట_చిత్తూరు:
ఏమని అడగాల? పడితే ఎత్తేది నేను. మా ఇంటి సంగతి నీకెందుకు? మొదట్నుంచీ నరాలు బాగుండాయని నువ్వే వాదిస్తాండావు, ఇప్పుడు మాట మారుస్తావా?

మెట్లదారి:
నరాల సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటా. మా అమ్మ మూడేండ్లు అడిగింది. మోకాళ్ళు అరిగినాయి, యాడెక్కుతావని కారులో తీసకపోయి దర్శనం చేయించినాము. దారంతా కిటికీలోంచి కొండనే చూస్తా కూర్చుంది. పోయినేడు పోయింది. పడతావని మేమే తీర్మానం చేసినాము. పడినా సరేనా అని ఒక్కసారన్నా ఆమెనడగలేదు. నా గొడవంతా అదే.

మామిడితోట_చిత్తూరు:
ఆ మొక్కు నాకోసం మొక్కిండేది. బండి మీద నుంచి పడి నేను పదకొండు రోజులు తెలివి లేకుండా ఉన్నప్పుడు. నాకోసమని ఎక్కి ఆయన పడితే నేనెట్ల బతికేది?

కాణిపాకం_అక్క:
ఆ మాట ఆయనకు చెప్పు నాయనా, మాకు కాదు.

మామిడితోట_చిత్తూరు (రెండు రోజులకు):
బి12 బాగా తక్కువుంది. సూదులు మొదలుపెట్టినారు. పాదాలు డాక్టరు చూడాల, ఆయన సరేనన్నాకే కొండ. నిన్న రాత్రి నాయన పక్కన కూర్చోని అంతా చెప్పినా, నా భయం కూడా. శానాసేపు మాట్లాడలేదు. తర్వాత "కాలికి తెలీకపోతే ఏమిరా, మెట్టు కంటికి కనపడితే చాలు, తెల్లారినాక బయల్దేరదాం" అన్నాడు. పసుపు గిన్నె నేను పట్టుకోవాలంట.

ఫిజియో_తిరుపతి:
దిగేటప్పుడు బస్సులోనే రండి. దిగడమే కష్టం.