బ్రిడ్జ్‌లో తురుపులు ఎప్పుడు లాగాలి?

ప్రశ్న:
మూడు నెలలుగా కాంట్రాక్ట్ బ్రిడ్జ్ నేర్చుకుంటున్నాను. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కగట్టి వేలంలో తడబడకుండా పాడగలుగుతున్నాను గాని, ఆట మొదలయ్యాక గెలవవలసిన ట్రిక్కులు (నలుగురూ తలా ఒక ముక్క వేసే ఒక్కో చుట్టు) కూడా చేజారిపోతున్నాయి. నిన్న నాలుగు ఇస్పేట్ల పాట, అంటే ఇస్పేటు తురుపుగా పది ట్రిక్కులు గెలవాలన్న పాట, నాకు వచ్చింది. నా చేతిలో ఇస్పేటు ఆసు, రాజు, రాణి, జాకీ, పది. ఆఠీను ఆసు, ఏడు, నాలుగు. డైమండ్ ఆసు, రాజు, మూడు. కళావరు ఆరు, రెండు ఉన్నాయి. డమ్మీలో, అంటే బల్లపై పరచిన నా జోడీ చేతిలో, ఇస్పేటు తొమ్మిది, ఎనిమిది, అయిదు, ఒకే ఒక ఆఠీను, మిగిలినవన్నీ చిన్న డైమండ్లు, కళావర్లు. ప్రత్యర్థి ఆఠీను రాజు వేయగా ఆసుతో గెలిచి, తురుపులను ముందే లాగేయాలని, అంటే వరుసగా తురుపు ఆడి ప్రత్యర్థుల తురుపులన్నీ బయటికి రప్పించాలని, విన్నందువల్ల మూడుసార్లు వరుసగా ఇస్పేటు ఆడాను. చివరికి ఎనిమిది ట్రిక్కులే దక్కాయి. తప్పు ఎక్కడ జరిగింది?

మొదటి జవాబు:
తప్పు మూడోసారి ఇస్పేటు ఆడినప్పుడు కాదు, అంతకన్నా ముందే, డమ్మీ పరచిన క్షణంలో జరిగింది. అప్పుడు ముక్క ముట్టుకోకుండా లెక్క వేసుకోవాలి. మీ తురుపులతో 5, ఆఠీను ఆసు 1, డైమండ్ ఆసు, రాజు 2, మొత్తం 8. కావలసిన మిగతా రెండూ డమ్మీలోని తురుపుల్లోనే ఉన్నాయి. డమ్మీలో ఆఠీను ఒక్కటే గనుక, ఆసుతో గెలిచిన వెంటనే ఏడు ఆఠీను ఆడి, దానిపై డమ్మీ నుంచి ఎనిమిది ఇస్పేటు వేయాలి. డైమండ్ ఆసుతో మీ చేతికి తిరిగి వచ్చి, నాలుగు ఆఠీనును తొమ్మిదితో గెలవాలి. ప్రత్యర్థుల దగ్గరున్న ఇస్పేట్లు ఏడు, ఆరు, నాలుగు, మూడు, రెండు మాత్రమే కాబట్టి వారు మీ ఎనిమిదిని, తొమ్మిదిని ఎన్నటికీ దాటలేరు. అయిదును చిన్నదని ముందు వాడితే ఆ భద్రత ఉండదు. అది మీ చేతికి తిరిగి రావడానికి మిగలాలి. తురుపులు లాగవలసింది ఆ తర్వాతే. నేను కూడా చాలాకాలం ఈ లెక్క వేయకుండానే మొదటి ముక్క ఆడేవాడిని, ఆ తొందర మానుకోవడానికి ఎంతో సాధన కావలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
డమ్మీ తురుపులు నా తురుపులకు అదనమన్న సంగతి ఇప్పుడు అర్థమైంది. అయితే బయట ఎన్ని తురుపులు మిగిలాయో ఎలా గుర్తుంచుకోవాలి? పదమూడూ లెక్కపెట్టబోతే దారి తప్పుతున్నాను.

రెండో జవాబు:
పదమూడు లెక్కపెట్టకండి. మీ చేతిలో, డమ్మీలో కలిపి ఎనిమిది కనిపిస్తున్నాయి గనుక బయట ఉన్నవి అయిదు. ఆ అయిదులోంచే, ప్రత్యర్థి తురుపు వేసిన ప్రతిసారీ ఒకటి తగ్గించండి. ఆ అయిదు ఇద్దరి మధ్య 3–2గా పంచుకొని ఉండటం నూటికి సుమారు 68 సార్లు, 4–1గా 28 సార్లు, 5–0గా 4 సార్లు జరుగుతుంది. కాబట్టి మూడుసార్లు లాగితే సరిపోతుందన్న నమ్మకం తరచుగా నిజమే అయినా, ఒకరు రెండోసారే వేరే రంగు వేశారంటే రెండోవారి దగ్గర నాలుగు ఉన్నట్టే.

మూడో జవాబు:
పై రెండు జవాబులతోనూ ఏకీభవిస్తున్నాను. డమ్మీలో ఉపయోగపడే కోత (లేని రంగుపై తురుపు వేసి గెలవడం) లేనప్పుడు, మీ గెలుపు ముక్కలను ప్రత్యర్థులు చిన్న తురుపుతో కొట్టే ప్రమాదం ఉంటుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా లాగేయడమే మంచిది. ఇదే పంపకాన్ని ముక్కలు బల్లపై పరచి, ఒకసారి మీరు ఆడిన వరుసలో, మరొకసారి పైన చెప్పిన వరుసలో ఆడి చూడండి.