16 నోడ్ల క్లస్టర్‌లో 7వ నోడ్ ఒక్కటే నెమ్మది

ప్రశ్న (విజయనగరం): కాలేజీ ల్యాబ్ క్లస్టర్ (కలిపి కట్టిన కంప్యూటర్లు, ఒక్కోటీ ఒక నోడ్). ఎంపీఐ జాబ్‌లో, అంటే నోడ్లన్నీ పంచుకుని చేసే పనిలో, 7వ నోడ్ కలిస్తే చాలు, ఎంతకీ తెమలదు. మధ్యాహ్నం మరీను. ఎక్కడ మొదలుపెట్టాలండి?

జవాబు: ముందు స్లర్మ్‌లో (నోడ్లకు జాబ్‌లు పంచే సాఫ్ట్‌వేర్) ఆ నోడ్‌ని డ్రెయిన్ చెయ్యండి, అంటే కొత్త జాబ్‌లు దానికి వెళ్లకుండా ఆపండి. దాని మీద ఒక్కదానిమీదే స్ట్రీమ్ (మెమరీ వేగం పరీక్ష), లిన్‌ప్యాక్ (లెక్కల వేగం పరీక్ష) నడిపి పక్క నోడ్ అంకెలతో పోల్చండి. ఒంటరిగానూ నెమ్మదైతే తప్పు లోపలే. స్ట్రీమ్ మాత్రమే పడిపోతే ర్యామ్‌ని అనుమానించాలి. ఐపీఎంఐటూల్ అనే కమాండ్‌తో సర్వర్ హార్డ్‌వేర్ ఈవెంట్ లాగ్ తీస్తే ఈసీసీ తప్పులు (ర్యామ్ తనే పసిగట్టే తప్పులు) ఏ ర్యామ్ స్లాట్‌వో సాధారణంగా తెలుస్తుంది. పవర్ తీసి ఆ స్లాట్‌లోని డిమ్‌నీ (ర్యామ్ పలక), అదే రకం మరో డిమ్‌నీ అటూ ఇటూ మార్చండి. తప్పు డిమ్ వెంట వెళ్తే డిమ్ పోయినట్టే. స్లాట్‌నే పట్టుకుని ఉంటే బోర్డో, సీపీయూ సాకెట్ పిన్నో. అది వారంటీ వాళ్లకు వదిలెయ్యండి.

జవాబు (శ్రీకాకుళం): మధ్యాహ్నం అంటున్నారు కాబట్టి నాకు వేడి మీదే గురి. మన ఉక్కపోత సంగతి తెలిసిందే కదా! లిన్‌ప్యాక్ నడుస్తుండగా టర్బోస్టాట్ కమాండ్‌లో సీపీయూ ఫ్రీక్వెన్సీ, ఉష్ణోగ్రత కలిపి చూడండి. వేడి పెరగ్గానే వేగం పడితే ఫ్యాన్ ఆర్‌పీఎం, హీట్‌సింక్ దుమ్ము, సీపీయూకీ హీట్‌సింక్‌కీ మధ్య ఆరిపోయిన థర్మల్ పేస్టు చూడాలి. వేడి లేకుండానే పడితే పవర్ సప్లై చూడండి. రెండు పవర్ సప్లైలుంటే, వాటిలో ఒకటి పోతే కొన్ని సర్వర్లు వేగం తగ్గించేస్తాయి.

జవాబు: నోడ్ ఒంటరిగా బాగుంటే, నోడ్లను కలిపే ఇన్ఫినీబ్యాండ్ నెట్‌వర్క్‌ని అనుమానించండి, ముందు కేబుల్‌ని. ఐబీస్టాట్ కమాండ్‌లో లింకు రేటు చూడండి, 4ఎక్స్ (నాలుగు దారుల) లింకు 1ఎక్స్‌కి (ఒక్క దారికి) దిగితే వేగంలో నాలుగో వంతే మిగులుతుంది. సింబల్ ఎర్రర్ కౌంటర్ (లింకు మీద పాడైన సంకేతాల లెక్క) సున్నా చేసి, గంట లోడు పెట్టి మళ్లీ చూడండి. కేబులూ, స్విచ్ పోర్టూ ఒకేసారి మార్చకండి, దోషి ఎవరో తేలదు.