సమస్య: “పులినిఁ గాంచి లేడి పొంగి యాడె”

నిర్వాహకుడు: నిన్న దక్షిణాఫ్రికా గడ్డిమైదానాల దృశ్యమొకటి చూశాను. చీతా ఎదుట నిలిచి ఉంది. స్ప్రింగ్‌బాక్ అనే ఆ జింక పారిపోవలసింది పోయి, నాలుగు కాళ్లూ కర్రల్లా బిగించి, ఉన్నచోటనే రెండు మీటర్ల ఎత్తుకు ఎగురుతోంది. అక్కడి ఆఫ్రికాన్స్ భాషలో ఆ గెంతుకు ‘ప్రాంక్’ అని పేరట. పై పాదం దానంతటదే వచ్చింది. దానితో ముగిసేలా ముందు మూడు పాదాలు పూరించండి.

తాళపత్రం: అందరికన్నా ముందు నేనే.

బోనులోనఁ జిక్కి పులి చూచుచుండఁగాఁ
దలుపు గట్టి దనుచుఁ దలఁచి తలఁచి
కడుపు నిండ మేసి కలఁతయే లేకుండ
పులినిఁ గాంచి లేడి పొంగి యాడె.

ద్రుతం: తాళపత్రం గారి బోను గట్టిదే, సంధి మాత్రం వదులు. ‘లేకుండన్’ ద్రుతాంతం, అంటే ‘న్’తో ముగిసేది కదా, తర్వాతి ‘ప’ ‘బ’గా మారి ‘లేకుండఁ బులినిఁ’ అని సరళం రావాలి. మొదటి పాదం చివర ‘చుండఁగాఁ దలుపు’ అని సరిగ్గా వేసిన చెయ్యి మూడో పాదానికి వచ్చేసరికి ఎందుకు వణికిందో! పైగా పులి మొదటి పాదంలోనే వచ్చేసింది. ఒకే బోనులో రెండు పులులు. నా పూరణ:

నిన్ను ముందె కంటి నీకేల పరుగంచు
నిక్కి కాళ్లు బిగిచి నింగి కెగిరి
వెన్ను వంచి తెల్ల వెండ్రుకల్ విప్పారఁ
బులినిఁ గాంచి లేడి పొంగి యాడె.

అరసున్న: భేష్! బోనూ లేదు, కలా లేదు, బొమ్మ పులీ లేదు. జరిగేదే చెప్పి సమస్యను విప్పారు. వేటజంతువుకు లేడి ‘నిన్ను చూశాను, నా సత్తువ ఇది, వెంటపడి లాభం లేదు’ అని చాటడమే ఆ గెంతు అని ఒక వాదం. బలమున్నవాడే దుబారా చేయగలడన్న సిద్ధాంతాన్ని జీవశాస్త్రవేత్త అమోట్జ్ జహావి 1975లో ప్రతిపాదించాడు. ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో అడవికుక్కలు తక్కువగా గెంతే గజెల్ జింకలనే ఎంచుకుని తరుముతాయని 1988లో వచ్చిన పరిశోధన దానికి బలమిచ్చింది. కాబట్టి ‘పొంగి’ అంటే ఇక్కడ సంతోషం కాదు, ఒళ్లు పొంగించడం. శ్లేష నిలిచింది.

తాళపత్రం: సరళాదేశం ఒప్పుకుంటున్నాను, దిద్దుకుంటాను. కాని ద్రుతం గారూ, ఆ ‘తెల్ల వెండ్రుకలు’ మీ కొంప ముంచాయి. నడుము మీది మడత విప్పి తెల్లని కుచ్చు చూపేది స్ప్రింగ్‌బాక్. అది ఉండే ఆఫ్రికాలో పులి ఎక్కడిది? మన కృష్ణజింక కూడా ఇలాగే గెంతుతుంది, కానీ దానికి ఆ కుచ్చు లేదు. వెండ్రుకలు ఉంచుకుంటే పులి పోతుంది, పులిని ఉంచుకుంటే వెండ్రుకలు పోతాయి.

ద్రుతం: చిరుతపులి పులి కాదా?

తాళపత్రం: అలా అయితే తోడేలు కూడా పులే. మీ సమర్థనలు మాకు కొత్తవి కావు. కిందటి నెల ద్రుతవిలంబిత వృత్తంలో ఒక అక్షరం జారిపోతే, ‘అది హరిణప్లుత’ అని తప్పించుకున్నది మీరే కదా!

కొత్తచిగురు: హరిణప్లుత అంటే ఏమిటండీ? లేడి గెంతు పేరుతో వృత్తం కూడా ఉందా?

అరసున్న: ఉంది. ద్రుతవిలంబితంలో పాదానికి న, భ, భ, ర గణాలు. దాని బేసి పాదాల్లో మొదటి లఘువును, అంటే పొట్టి అక్షరాన్ని, వదిలేస్తే హరిణప్లుత. పాదం మొదలులోనే ఒక అక్షరాన్ని లేడి దాటేసిందన్నమాట. వ్యాకరణంలో మధ్య సూత్రాలను దాటేసే కప్ప గెంతు ‘మండూకప్లుతి’ ఉన్నట్టు ఛందస్సులో ఇది. అయితే న్యాయం చెప్పాలంటే, ద్రుతం గారి అక్షరం జారింది రెండో పాదంలో. లేడి గెంతవలసింది ఒకటి, మూడు పాదాల్లో. అది గెంతు కాదు, కాలు జారడమే.

ద్రుతం: అరసున్న గారూ, మీరు నా పక్షం అనుకున్నాను!

చతురుడు: మీరు పోట్లాడుతుండగా నేను ప్రశ్నలకు వరుసగా జవాబులు వచ్చే క్రమాలంకారంలో కానిచ్చేశాను.

దేనిఁ గాంచి పాఱు? తృణమేది మేయును?
పాలు కాఁగి యెట్లు పాఱు నేల?
నెమలి మబ్బుఁ జూచి నిక్కి యేమొనరించె?
పులినిఁ గాంచి, లేడి, పొంగి, యాడె.

తాళపత్రం: పాఱేది ఎవరో చెప్పనే లేదు. ఊహ తట్టనప్పుడు క్రమాలంకారం ఉండనే ఉంది. ‘పాఱు’ ఒకచోట పరుగు, ఇంకొకచోట ప్రవాహం కావడం మాత్రం బాగుంది.

కొత్తచిగురు: నా సందేహం మిగిలిపోయింది. ప్రాంక్ అంటే గెంతడమేనా?

అరసున్న: కాదు, అందులోనే ఉంది అందమంతా! డచ్చి భాషలో ‘ప్రాంకెన్’ అంటే డాబు చూపడం, సింగారించుకుని తిరగడం. జర్మన్ ‘ప్రుంక్’ కూడా ఆడంబరమే. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులు వెండి పాత్రలు, ఖరీదైన గాజు, పండ్లు పేర్చి గీసిన బొమ్మలకు ‘ప్రాంక్‌స్టిలేవెన్’ అనే పేరు స్థిరపడింది. అదే మాట ఆఫ్రికాన్స్‌లో జింక గెంతుకు అతికింది. ఇదే గెంతుకు ఇంగ్లీషువాళ్లు వాడే ‘స్టాటింగ్’ స్కాట్లండు పలుకుబడి నుంచి వచ్చింది. ‘స్టాట్’ అంటే బంతిలా ఎగిరిపడటం. ‘స్టాట్’ కాళ్లను చూసింది, ‘ప్రాంక్’ పొగరును చూసింది.

మరి మనకు? చెంగుచెంగున గెంతడంలో ఉల్లాసమే ఉంది, డాబు లేదు. రెండూ ఉన్న క్రియ ద్రుతం గారి రెండో పాదంలో, చతురుడి మూడో పాదంలో దాక్కుని ఉంది: నిక్కు. నిక్కడం అంటే నిటారుగా లేవడం, నిక్కు అంటే గర్వం. ప్రాంక్‌కు ‘నిక్కుగంతు’ అనరాదా?

ద్రుతం: చూశారా, తెలిసే వేశాను.

తాళపత్రం: తెలియక వేశారని ఇక్కడ అందరికీ తెలుసు. సరే, మాట బాగుంది. అలాగైతే సమస్యలోనే ‘పొంగి’ తీసి ‘నిక్కి’ పెట్టవలసింది.

నిర్వాహకుడు: పులికీ నిక్కుకీ యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, మీరు కలుపుతారా?

కొత్తచిగురు: పులిని తీసేస్తే? ‘నక్కఁ గాంచి లేడి నిక్కి యాడె.’ ‘క్క’కు ‘క్కి’ కలిసే ప్రాసయతి సరిపోతుందా? దక్షిణాఫ్రికా నక్కలు స్ప్రింగ్‌బాక్ పిల్లలను పట్టుకుంటాయని చదివాను, కనుక భౌగోళికం కూడా...

తాళపత్రం: కుర్రవాడు మనందరినీ దాటేశాడు.

ద్రుతం: బేసి పాదంలోనే దాటాడా?

నిర్వాహకుడు: వచ్చే వారం సమస్య అదే.